పిలిస్తే పలికే బండి

సహధర్మచారిణికి శుభాశీస్సులు.

ఈ దినం పేరుపెట్టి చెప్పుకోవలసిన దినం. పంచాంగంలో దీనికి పేరు లేదు గనుక నేనే పెడుతున్నాను: ఇది మన బండి విడుదలైన రోజు. ఇంతకాలం దాని తలుపుల మీద అంటించి ఉన్న టాక్సీ కంపెనీ బొమ్మను ఈ ఉదయం వేడినీళ్లు పోసి, గుడ్డతో రుద్ది, చివరికి గోటితో గీకి నా చేతులతోనే ఊడబెరికాను. దాని కింద ఎండ సోకని రంగు బయటపడింది. బండి కొన్ననాడు మనం చూసిన రంగు అదే. 'స్వతంత్రుడు' అనే మాటకు పాఠశాలలో ఎన్ని తరాల పిల్లలకు వ్యాఖ్యానం చెప్పానో నాకే గుర్తులేదు. ఆ మాట చేతికి తగలడం మాత్రం ఇదే మొదలు.

ఈ సంగతి ఫోనులో చెప్పవచ్చును. కాని అమ్మాయి పురిటికి వెళ్లిన నువ్వు ఫోనులో "ఊఁ" అంటావు. ఆ "ఊఁ" నా మీద కోపమో, ఒళ్లో మనవరాలిని జోకొట్టడమో నాకు తెలియదు. ఉత్తరమైతే కోపం వచ్చినచోట మడిచి పెట్టి, పని చూసుకొని, చల్లబడ్డాక తిరిగి విప్పుతావు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం నేర్చుకున్నాను.

ఇప్పుడు అసలు కారణం చెబుతాను. పోయిన నెల ఒకరోజు పగలంతా బండి ఇంటి ముందే ఉన్నదనీ, మరమ్మతు అనీ నీతో అన్నాను. మరమ్మతు కాదు. ఒక పెద్దావిడ మూడో అంతస్తు నుంచి మెట్లు దిగడానికి ఆలస్యమైంది. నేను కదలకుండా నిలబడ్డాను. నేను ఆగిన ప్రతి నిమిషాన్నీ కంపెనీ యంత్రం నా తప్పు కింద రాసుకొని, మర్నాడు నాకు పని ఇవ్వకుండా కూర్చోబెట్టింది. కార్యాలయానికి వెళ్లి అడిగితే అక్కడి కుర్రవాడు, "సార్, రూల్ అదే. ముసలివాళ్ల బుకింగ్ వస్తే క్యాన్సిల్ కొట్టేయండి, ఇంకోటి వస్తుంది" అన్నాడు, నవ్వుతూ, మేలు చెబుతున్నట్టే. అతని మీద నాకు కోపం లేదు. కాని జీవితమంతా ధర్మశాస్త్రం చెప్పి, ఈ వయసులో, మెట్లు దిగుతున్న మనిషిని చూస్తూ బండి కదిలించే విద్య నేర్వలేను. ఆ అవమానం నీకు చెప్పలేక దాచాను. ఇంక దాచను.

బండి ఎప్పుడూ మనదే, గిరాకీ మాత్రం కంపెనీది. ఇప్పుడు గిరాకీ కూడా మనమే వెతుక్కోవాలి. నీ షరతు మరచిపోలేదు. వానలు వెళ్లేలోగా ఈ బండి మనిద్దరికీ తిండి పెట్టకపోతే, తాళాలు అల్లుడి చేతిలో పెట్టి, అతను చూసిన మనిషికి అమ్మేసి, అక్కడికి వచ్చేసి మీ అందరితో ఉండాలన్నావు. మాట ఇచ్చాను. ఇచ్చిన మాట తప్పను. అయితే తప్పవలసిన అవసరం రానివ్వను కూడా.

మొదటి పని, వెనక అద్దం మీద ప్రకటన. బోర్డులు రాసే అతని దగ్గరికి ఒక సీసపద్యం పట్టుకొని వెళ్లాను. అతను కళ్లద్దాలు పైకి నెట్టి చదివి, "పంతులుగారూ, ఇది శిలాశాసనంలా ఉందండీ. చదవడం పూర్తయ్యేలోపు మీ బండి ఊరు దాటిపోతుంది" అన్నాడు.

"సారాంశం ఎత్తుగీతిలో ఉంది నాయనా."

"సారాంశం సరే. ఫోన్ నంబరేదండీ?"

"నాలుగో పాదంలో సంకేతాలతో పొదిగాను. చంద్రుడంటే ఒకటి, కన్నులంటే రెండు, వేదాలంటే నాలుగు, రుతువులంటే ఆరు. పెద్దలు శకవత్సరాలు చెప్పే పద్ధతి అది."

అతను కుంచె కింద పెట్టేశాడు. "వానలో తడుస్తూ టాక్సీ కోసం నిలబడ్డవాడు వేదాలు లెక్కపెట్టుకుంటాడా? మీరు నన్ను నవ్వించడానికి వచ్చారా, పని ఇవ్వడానికి వచ్చారా?"

నాకూ నవ్వు వచ్చింది. పద్యం మడిచి జేబులో పెట్టుకున్నాను. "టాక్సీ. నెమ్మదిగా తీసుకెళ్తాం, నిలబడి ఎక్కిస్తాం" అని పెద్ద అక్షరాలతో రాయించాను. "ఇప్పుడు నంబరు చెప్పండి, అంకెల్లో" అన్నాడు. తడుముకోకుండా ఒప్పజెప్పాను.

పాపకు నా ముద్దులు. అమ్మాయిని వేళకు తినమను.

నీ,
పంతులు

*

సహధర్మచారిణికి ఆశీస్సులు.

వానలు సగానికి వచ్చాయి. నిజం రాస్తున్నాను. బండి తిరుగుతోంది, ఫోను మాత్రం మూగనోము పట్టింది.

నేర్చుకున్నది చాలా ఉంది. మొదటి రోజుల్లో, ఎక్కినవారికి కాలక్షేపంగా ఉంటుందని పురాణం ఎత్తుకునేవాణ్ణి. ఒక పెద్దమనిషి సగం దారిలో "ఇక్కడే ఆపండి" అన్నాడు. "మీ ఇల్లు ఇంకా దూరం కదా బాబూ?" అంటే, "ఫర్వాలేదండీ, నడుస్తాను, ఆరోగ్యానికి మంచిది" అని వానలోనే దిగిపోయాడు. అప్పటి నుంచి వారు మాట్లాడితేనే నేను మాట్లాడుతున్నాను. నమ్ముతావా, మౌనంగా ఉంటే మనుషులే మాట్లాడతారు. ఎవరికి మోకాళ్లు, ఎవరికి నడుము, ఎవరి కోడలికి ఎన్నో నెల, అంతా వారే చెబుతారు. అది విని ఏ వీధిలో గుంతలున్నాయో ఆ వీధి మానేస్తాను.

పెద్ద ఆసుపత్రి గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టాను. అక్కడ దిగేవారికంటే బయటికి వచ్చేవారికి బండి దొరకడం కష్టం. కట్టుకట్టిన కాలితో వచ్చినవారిని చూసి మిగతా బండ్లవాళ్లు మొహం తిప్పుకుంటారు, ఎక్కించడానికి సమయం పడుతుందని. ఆ సమయమే నా దగ్గరున్న సరుకు అని నాకు తోచింది. నా పక్క సీటు ముందుకు జరిపి, వెనక కాలు చాపుకునే చోటు చేశాను. ఎక్కడానికి చిన్న పీట పెట్టాను, తడవకుండా గొడుగు ఉంచాను. దించాక, వారి తలుపు తెరుచుకునేదాకా బండి కదిలించను. ఇందులో గొప్పతనమేమీ లేదు. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చిననాడు ఎవరైనా ఇలా చేసివుంటే బాగుండునని నేను అనుకున్నవే ఇవన్నీ.

ఒక కుట్టుపని టీచరమ్మ ఉంది, పదవీ విరమణ చేసింది. రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వస్తుంది. బయటికి వచ్చేసరికి మనిషి పిండిన బట్టలా ఉంటుంది. ఆమెకు ఊపిరి కుదుటపడేదాకా ఇంజను వేయను. ఆమె, ఆమెవంటి మరికొందరు దిగేటప్పుడు వెనక అద్దం మీది నంబరు తమ ఫోనుల్లోకి ఎక్కించుకొని "ఇకమీద మీకే చేస్తాం పంతులుగారూ" అంటారు. ఎవరూ చేయరు. ఒక్కరు కూడా. మొదట్లో అనుకున్నాను, మనుషులు మాటవరసకు అంటారులే అని. అందరూ మాటవరసకే అంటారా?

మొన్న అసలు సంగతి తెలిసింది. ఒకసారి నా బండి ఎక్కిన కళ్లద్దాల కొట్టు యజమాని రోడ్డు మీద నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. "అరె, మీరు బండి అమ్మేశారట కదా?"

"ఎవరన్నారు బాబూ?"

"ఫోన్ చేస్తే చెప్పారు. ఆ టాక్సీ ఇక లేదు, అమ్మేశారని. మా ఆవిడకి కంటి ఆపరేషన్, మీ బండే కావాలని పట్టుబట్టింది. ఇక వేరే బండి చూసుకున్నాం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను కంపెనీ లీలలు నాకు తెలియవు గాని, టాక్సీ స్టాండులో బండి పెట్టుకునే మీసాలాయన ఏదో చేసి నా కాల్సు తన వైపు తిప్పుకుంటున్నాడని నిశ్చయించుకున్నాను. అతను నన్ను చూసినప్పుడల్లా "రండి రండి, పల్లకీ వచ్చింది, జరగండ్రా" అని ఎగతాళి చేస్తుంటాడు. నేరుగా వెళ్లి నలుగురిలో నిలదీశాను. అతను మీసం మీద చెయ్యి తీసి, "పంతులుగారూ, నాకు వచ్చే ఫోన్లే సగం ఎత్తలేను, మీవి తిప్పుకుని ఏం చేసుకోను? పెద్దవారు, ఇంకొకరైతే వేరే రకంగా మాట్లాడేవాణ్ణి" అన్నాడు. నేను నమ్మలేదు. ఆ మాట అతని మొహం మీదే అన్నాను.

నాకు తెలియక అడుగుతాను. కంటి ఆపరేషన్ అయిన ఆడమనిషికి బండి దొరకకుండా చేసి, ఒకరి నోటి దగ్గరి కూడు లాగేసేందుకు ఎంతటి కఠిన హృదయం కావాలి? వాళ్ల ఇంట్లోనూ పెద్దవాళ్లుండరా?

అయినా నేను దిగిపోను. రేపటి నుంచి ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో ఇంటింటి తలుపు తట్టి "బండి ఉంది, నేనూ ఉన్నాను" అని నా నోటితో చెప్పి వస్తాను. వానలు ఆగిన రోజున తాళాలు అల్లుడికి ఇవ్వవలసి వస్తే ఇస్తాను, మాట మాటే. ఆ రోజు వచ్చేదాకా మాత్రం బండి నాది, రోడ్డు అందరిదీ.

నీ,
పంతులు

*

మీకు నమస్కారాలు.

మీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివాను. మీరు అన్నట్టు మడిచిపెట్టి పని చూసుకోబోయాను గాని చేతులు ఆడలేదు. అమ్మాయి చూసి, "ఏమైందమ్మా, నాన్నకి ఒంట్లో బాగుందా?" అని కంగారుపడింది. పాపను దాని ఒళ్లో పెట్టి, గది తలుపు వేసుకొని ఇది రాస్తున్నాను.

మీసాలాయన్ని ఏమీ అనకండి. ఆ కఠిన హృదయం నాది.

మీరు అద్దం మీద రాయించినది మీ నంబరు కాదు, నాది. మొదటి ఫోను వచ్చినరోజే నాకు అర్థమైంది. ఎవరో "పంతులుగారి టాక్సీయేనాండీ?" అని అడిగారు. మీరు కావాలనే నా నంబరు ఇచ్చారేమో, నన్ను అడగకుండా ఈ పని కూడా నా నెత్తిన పెట్టారేమో అని మొదట మండిపడ్డాను. తరవాత బుద్ధికి తట్టింది. వేల పద్యాలు కంఠస్థం చేసిన మీకు మీ నంబరు ఏనాడూ నోటికి రాలేదు. మీకు మీరు ఎప్పుడైనా ఫోను చేసుకుంటే కదా! నోటికి వచ్చినది ఒక్కటే, అది అప్పజెప్పి ఉంటారు. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మీకు చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు.

చెప్పలేదు. "ఆ బండి లేదండీ, అమ్మేశారు" అన్నాను. ఆ తరవాత చేసినవాళ్లకీ అదే చెప్పాను. ఒకసారి అన్నాక రెండోసారి సులువైపోయింది. ఎందుకన్నానో మీరు అడగకముందే చెబుతాను. మీరు చక్రం వదిలి ఇక్కడికి రావాలని. కంపెనీ రోజుల్లో మీరు ఇంటికి వచ్చే మొహం నాకు గుర్తుంది. కిటికీ దగ్గర కూర్చుని ప్రతి హారనూ మీదేనేమో అని వినడం నాకు గుర్తుంది. ఇక్కడ నేను అమ్మమ్మను, పదిమందిలో మనిషిని. అక్కడ నాకు ఏముంది, ఆ కిటికీ తప్ప?

ఇంకొకటి. కంపెనీ వదిలే ముందు నాతో ఒక్క మాట అనలేదు మీరు. బొమ్మ ఊడబెరికాక ఉత్తరం రాశారు. ప్రతి ఉత్తరం పైనా "సహధర్మచారిణికి" అని రాస్తారు. ధర్మం సంగతి సరే, ఏ పనిలో నన్ను పక్కన నడిపించారు? అది నా కోపం. అది న్యాయమైనదే, ఇప్పటికీ అంటాను. నేను ఆడిన అబద్ధం మాత్రం న్యాయం కాదు.

మీ ఉత్తరం రావడానికి ముందురోజు కుట్టుపని టీచరమ్మ ఫోను చేసింది. నాకు ఆవిడ ఎవరో తెలియదు. అలవాటైపోయిన మాటే అన్నాను. "అమ్మేశారండీ."

ఆవిడ గొంతులో నీరసం ఉంది గాని మాటలో లేదు. "అబద్ధం. నిన్న సాయంత్రం నన్ను ఇంటి దగ్గర దింపాడాయన. నువ్వెవరమ్మా? ఆ స్టాండు వాళ్ల తాలూకా?"

"కాదండీ..."

"వందలమంది ఆడపిల్లలకి కుట్టు నేర్పాను. లోపలివైపు అతుకు ఎక్కడ వేశారో చూడకుండానే చెప్పగలను. నువ్వు ఆయనకేమవుతావు?"

"భార్యనండీ" అన్నాను. ఆ మాట అంటుంటే నాకు సిగ్గేసింది.

ఆవిడ గొంతు తగ్గించి, "భార్యవైతే ఒక మాట చెప్పు ఆయనకి. నా కోసం గేటు దగ్గర కాచుకుని మధ్యాహ్నం తిండి మానేస్తున్నాడు. అడిగితే తిన్నానంటాడు. నీలాగే ఆయనకీ అబద్ధం అతకదు" అంది. ఆ తరవాత, "ఆసుపత్రి రోజు అనగానే నాకు ముందు రాత్రి నుంచి భయమమ్మా. సూది అంటే కాదు, బయటికొచ్చాక ఎవరిని బతిమాలుకోవాలా అని. ఈమధ్య ఆ భయం లేదు. అది మళ్లీ తెచ్చిపెట్టకు" అంది.

ఆవిడకి ఏం చెప్పానో నాకే తెలియదు. ఆ మర్నాడే మీ ఉత్తరం. "వాళ్ల ఇంట్లోనూ పెద్దవాళ్లుండరా?" అని అడిగారు.

ఇక విన్నది చాలు, చేసింది వినండి. నేను వద్దన్నవాళ్ల నంబర్లన్నీ నా ఫోనులోనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ తిరిగి చేసి, "నేను చెప్పింది తప్పు, బండి ఉంది, ఎప్పుడు కావాలి?" అని అడిగాను. ఒకాయన "మీ ఇంట్లో కుడిచేతికి ఎడమచేతికి మాటల్లేవా?" అని దెప్పాడు. పడ్డాను. కొంతమంది నవ్వారు. కళ్లద్దాల కొట్టాయన భార్యకి మళ్లీ పరీక్ష ఉందట, మీ బండే పంపమంది. అడుగుతూ పోతుంటే ఏమేం అడగాలో కూడా తెలిసింది. ఎవరు ఎక్కుతారు, ఎన్ని మెట్లు, చేతికర్ర ఉందా, పక్కన ఎవరైనా వస్తారా. మీరు అక్కడ చూసి తెలుసుకునేవి, నేను ఇక్కడినుంచే అడిగి చెప్పగలను. వచ్చే వారానికి సరిపడా బేరాలు ఒప్పుకున్నాను, ఆ చీటీ ఇందులోనే పెట్టాను. అల్లుడుగారు పక్క గదిలోంచి వింటూ, "అత్తయ్యగారూ, బండి కొనే ఆయనకి ఏం చెప్పమంటారు?" అన్నారు. "వేరే బండి చూసుకోమనండి" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది.

అద్దం మీది నంబరు చెరపకండి. బండి నడుపుతూ మీరు ఫోను ఎత్తరు, ఎత్తకూడదు కూడా. ఎత్తే మనిషి ఒకరు ఉండాలి. అది నేను. కాని నా షరతులు ఇవి. మధ్యాహ్నం భోజనం వేళకి నేను బేరం ఒప్పుకోను, ఎవరు అడిగినా సరే. దీపాలు పెట్టేసరికి బండి ఇంటి ముందు ఉండాలి. వారానికి ఒకరోజు బండీ మీరూ ఇద్దరూ కదలకూడదు. ఇక మీదట బొమ్మ ఊడబెరికినా, పీట మార్చినా ముందు నాకు చెప్పాలి. ఒప్పుకుంటే ఈ నెలాఖరుకి వస్తాను. అమ్మాయి లేచి తిరుగుతోంది, పాప మెడ నిలబెడుతోంది. ఒప్పుకోకపోతే ఇక్కడే కూర్చుని బేరాలు ఒప్పుకుంటాను, మీరు పరుగులు పెడదురుగాని.

ముందుగా మీసాలాయన దగ్గరికి వెళ్లండి.

మీ ఇల్లాలు

*

నా ఇల్లాలికి,

సహధర్మచారిణి అన్న సంబోధన ఈసారి రాయలేదు. ఆ మాటను నేను ఇంతకాలం అలంకారంగా వాడాను. దాని అర్థానికి తగిన మనిషినయ్యాక మళ్లీ రాస్తాను.

నీ ఉత్తరం బండిలోనే కూర్చొని చదివాను. చదివాక దిగి, వెనక్కి వెళ్లి, అద్దం ముందు నిలబడి ఆ అంకెలను ఒక్కొక్కటిగా చూశాను. ప్రతిరోజూ తుడిచే అద్దం అది. ప్రతిరోజూ చూసిన అంకెలే, బాగా తెలిసినవే గనుక అనుమానం రాలేదు. నీ మీద కోపం రాలేదని రాస్తే నువ్వు నమ్మవు. వచ్చింది. ఎదురుగా ఉంటే నాలుగు మాటలు అనేవాణ్ణే. కాని ఆ నాలుగు మాటలకీ నీ దగ్గర సమాధానం ముందే ఉంది. కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని నేను ఏనాడూ లోపలి నుంచి చూడలేదు.

మీసాలాయన దగ్గరికి వెళ్లాను. అందరి ముందూ నిందించాను గనుక అందరి ముందే, "నేను అన్నది తప్పు. ఫోను తిప్పింది మా ఇంట్లోనే" అన్నాను. స్టాండంతా గొల్లున నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు. "మా ఆవిడ కూడా బండి అమ్మేయమంటోందండీ. మీవాళ్లు ఫోన్లో అన్నారు, మావాళ్లు మొహం మీద అంటారు, అంతే తేడా" అన్నాడు. నీ షరతులు చెబితే కాస్త తటపటాయించి, "మీరు దీపాలు పెట్టాక తిరగరట కదా. అప్పుడొచ్చే బేరాలు ఏం చేస్తారు?" అన్నాడు. ఈ మాట నీకు ముందే చెబుతున్నాను, షరతు ప్రకారం: ఆ బేరాలు అతనికి ఇద్దామా? మెట్ల దగ్గర నిలబడతానని, తలుపు తెరుచుకునేదాకా కదలనని అతను ఒప్పుకుంటేనే. నువ్వు అడిగి తేల్చు. మనుషుల గొంతు బట్టి నిజం పట్టుకోవడం నీకు ఇప్పుడు వచ్చిన విద్య.

నీ షరతులన్నీ ఒప్పుకున్నాను. ఈ మధ్యాహ్నం బండి నీడకు చేర్చి భోజనం చేశాను. టీచరమ్మ లోపలి నుంచి వచ్చేసరికి నేను చేతులు కడుక్కుంటున్నాను. "ఇంటినుంచి గట్టి ఫోనే వచ్చినట్టుంది" అంది. తలవంచి తలుపు తీశాను. ఆమె ఎక్కాక ఇంజను వేయబోతుంటే ఫోను మోగింది. బొమ్మ ఊడబెరికాక ఈ బండికి వచ్చిన మొదటి పిలుపు అది. బండి కదలలేదు గనుక ఎత్తాను. "రేపు పొద్దున్న, రెండో అంతస్తు, చేతికర్ర ఉంది, గొడుగు తీసుకెళ్లండి" అని చెప్పి నువ్వు పెట్టేశావు. ఎలా ఉన్నానని కూడా అడగలేదు. నాకు అంతకంటే తీయని మాట ఈ ఏడు వినబడలేదు.

నెలాఖరున నిన్ను తీసుకురావడానికి బండి వస్తుంది. అల్లుడికి చెప్పు, తాళాలు నా జేబులోనే ఉంటాయని, ఆ కొనే పెద్దమనిషికి నా నమస్కారాలని. వానలు వెళ్లనీ, మరికొన్ని వానలు రానీ.

ఇక ఉత్తరం ముగిస్తూ, పెద్దవాడిగా నాకున్న హక్కుతో ఒక మాట. మన మనవరాలికి, ఆమె తరంలో సొంత చక్రం మీద చెయ్యి వేసి బతుకుదామని బయలుదేరే ప్రతి బిడ్డకు: మీ దారులు గుంతలు లేనివి కాకపోయినా, మీ చూపు గుంతను ముందే పట్టుకొనుగాక. మిమ్మల్ని పిలిచేవారు కరవు కాకుందురుగాక, ఆ పిలుపు అందుకొని మీకు చేర్చే ఆత్మీయులు మీ ఇంట ఉందురుగాక. నెమ్మదిగా నడిచేవారి కోసం ఆగే ఓపిక మీకు తరగకుండుగాక, ఆగినందుకు మీ కంచం ఎన్నడూ ఖాళీ కాకుండుగాక. ఎక్కించుకున్న ప్రతి ప్రాణినీ గుమ్మం చేర్చి, ప్రతి సాయంత్రం మీరూ క్షేమంగా మీ గుమ్మం చేరుదురుగాక.

నీ,
పంతులు